నురగొచ్చిన సీసాలు

జబ్బుపడ్డ పిల్లాడి చేతికి బేడీ తగిలించి మంచానికి కట్టెయ్యాలన్న తెలివి ఎవరికి పుట్టిందో గానీ, చూడగానే నాకు ఒళ్ళు మండింది.

అద్దం అవతల వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముక్కూ నోరూ మూసేస్తూ ఆక్సిజన్ మాస్కు, ఎడమ చేతికి సెలైన్ గొట్టం, కుడి చేతికి పోలీసు బేడీ. మెడిసిన్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడు. ప్రతి చిన్నదానికీ గొంతు సవరించుకుని పెద్దమనిషిలా మాట్లాడతాడని స్నేహితులు వాణ్ణి 'తాత' అంటారట. నిన్నటి నుంచి తాత ఒక్క ముక్క మాట్లాడలేదు. మొదట పోలీసులు ఎంత అడిగినా నోరు విప్పలేదు. తర్వాత విప్పుదామనుకున్నా ఊపిరి చాల్లేదు.

"పక్కకి తిరగాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి వాణ్ణి. పారిపోతాడని భయమా ఇన్‌స్పెక్టరు గారూ?" అన్నాను.

"పారిపోతే మీరొచ్చి జవాబు చెప్తారా మేడమ్?" అన్నాడాయన, ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు మాస్కుల్లోంచి.

ఆయనకీ నాకూ చాలాకాలంగా పడదు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తవ్వే ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక, ఆయన మూసేసిన కేసులు రెండు నేను తెరిపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే పంటి కింద రాయి పడినట్టు మొహం పెడతాడు. నేనేం తక్కువ తినలేదు, ఆయన ఎదురుపడితే నా గొంతు దానంతటదే పైకి లేస్తుంది.

బెంచీ చివర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కొడుకుని డాక్టరు చదువు దాకా లాక్కొచ్చిన మనిషి. బళ్ళు మూతపడ్డాక మాస్కులు కుడుతోంది. పొద్దున్నే నా ఆఫీసు తలుపు తట్టి, "మా వాడు దొంగ కాదని మీరు తేల్చాలమ్మా, ఇంకేం వద్దు" అంది. మధ్యాహ్నం అయ్యేసరికి వాడి ఆక్సిజన్ పడిపోయింది. ఇప్పుడామెకి వాడు దొంగైనా సరే, బతికితే చాలు.

కేసు ఇదీ. మహమ్మారి వచ్చి కాలేజీ మూసేశారు. డాక్టర్లు చాలక ఆసుపత్రి అల్లాడుతున్నా ఈ పిల్లల్ని వార్డుల్లోకి రానివ్వలేదు, ఇంకా చదువు పూర్తి కాలేదని. చేతులు కట్టుకుని కూర్చోలేక వాళ్ళు కొట్టుమిట్టాడుతున్న సమయంలో ఒక కొత్త మందు మీద పరిశోధన మొదలైంది. వాలంటీర్లు కావాలన్నారు. ముందుగా చెయ్యెత్తినవాడు తాత.

ఆ పరిశోధనలో చేరిన రోగుల్లో సగం మందికి మందు, సగం మందికి అదే రంగు కలిపిన ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడాలో చీటీ తీసినట్టు ఎక్కడో ఉన్న కంప్యూటరు తేలుస్తుంది. రోగికి తెలియదు, సూది వేసే నర్సుకి తెలియదు, ప్రొఫెసరుకే తెలియదు. తెలిస్తే పరిశోధన చెడిపోతుంది. రోగికొక డబ్బా, డబ్బా మీద రోగి నంబరు, లోపల సీసాలు. స్టోర్లోంచి డబ్బాలు వార్డుకి మోసుకెళ్ళడం, సూది పడ్డాక రోగి పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండటం వాలంటీర్ల పని. నిన్న తాత ఒక డబ్బాలోంచి సీసాలు తీసి ఏప్రాన్ జేబులో వేసుకోవడం కెమెరాకి చిక్కింది.

"బయట ఆ మందు కోసం జనం ఆస్తులు అమ్ముకోవడానికి సిద్ధంగా ఉన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వీడి ఏప్రాన్ చూశారా? మోకాలి దాకా జేబు. మామూలు మనిషి అంత జేబు ఎందుకు కుట్టించుకుంటాడు?"

"నేనే కుట్టాను సార్," అంది వాళ్ళమ్మ బెంచీ మీంచి. "డ్యూటీలో తినడానికి టైముండదని, రెండు బిస్కెట్ ప్యాకెట్లు పట్టేలా కుట్టమన్నాడు."

"బిస్కెట్లు పట్టిన జేబులో సీసాలు పట్టవా అమ్మా?"

ఆమె నా చీర కొంగు పట్టుకుని మెల్లగా లాగింది. "ఆ మందు బాగా పనిచేస్తోందంట కదమ్మా. ఈ రోజు నుంచి సీరియస్‌గా ఉన్నవాళ్ళందరికీ ఇస్తున్నారంట. పక్క మంచం ఆయనకి ఇప్పుడే వేశారు. మా వాడికి మాత్రం పోలీసులు ఒప్పుకోవాలంటున్నారు."

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను.

"ఏ మందు దొంగిలించాడో ఆ మందే వాడికి పెట్టమంటారా?" అన్నాడు. "రేపు పేపర్లో ఏమని రాస్తారో తెలుసా? నేను సంతకం పెట్టను."

"వాడు దొంగో కాదో కోర్టు చూసుకుంటుంది. ఇప్పుడు వాడు రోగి. పక్క మంచానికి ఏదిస్తే వాడికీ అదే ఇవ్వాలి. మీ కస్టడీలో, మీ బేడీ వేసుకుని, మందు అందక వాడు పోయాడనుకోండి, ఈ అద్దం ముందు నిలబడి వచ్చిన ప్రతి విలేఖరికీ మీ పేరే చెప్తాను. స్పెల్లింగుతో సహా."

"బెదిరిస్తున్నారా?"

"కొడుకులున్నారా మీకు?"

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. "మీ పని మీరు చూసుకోండి మేడమ్," అన్నాడు. వాళ్ళమ్మ నాకు రెండు చేతులూ జోడించింది. ఏమీ సాధించకుండానే దణ్ణం పెట్టించుకోవడం నాకు సిగ్గనిపించి, అక్కణ్ణుంచి స్టోరుకి నడిచాను.

*

స్టోరంటే కింది అంతస్తులో ఒక ఇరుకు గది. ఒకటే తలుపు, తలుపు మీద కెమెరా, కెమెరాకి కనపడని మూల అద్దం తలుపుల ఫ్రిజ్, మధ్యలో ఇనప బల్ల. ఫార్మసిస్టు పరిశోధనలో మిగిలిన డబ్బాలు కంపెనీకి తిప్పి పంపడానికి తెరిచి, లోపలి సీసాలు లెక్క చూసి ట్రాలీ మీద సర్దుతోంది. పరిశోధన నడిపే ప్రొఫెసరు ఆ బల్లకే ఆనుకుని నిలబడి టీ తాగుతున్నాడు. కూర్చుంటే నిద్రపోతానని భయమట.

"వీడియోలో సీసాలు జేబులోకి వెళ్ళాయి. మరి ఎన్ని తగ్గాయి?" అని ఫార్మసిస్టుని అడిగాను.

"ఒక్కటి కూడా తగ్గలేదు."

"ఈ ముక్క ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. అయితే మందు తీసేసి నీళ్ళు నింపి పెట్టుంటాడన్నారు. మూత సీళ్ళు చెక్కుచెదరలేదని కూడా చెప్పాను. అప్పటికే జీపెక్కేశారు."

"సీసా మీద రోగి నంబరు ఉంటుందా?"

"డబ్బా మీదే ఉంటుంది. సీసాలన్నీ ఒక్కలాగే ఉంటాయి."

అంటే జేబులోకి వెళ్ళిన సీసాలు ఈ గది దాటి పోలేదు. ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో పెట్టాడు. కానీ ఎందుకు? ఏ సీసాలో ఏముందో తెలియనివాడికి అటుది ఇటు మార్చి ఒరిగేదేముంది?

"సార్, ఈ పరిశోధనలో ఎంతమంది పోయారు?" అన్నాను ప్రొఫెసరుతో.

"ముగ్గురు. ముగ్గురూ బాగా ముదిరి వచ్చినవాళ్ళే."

"ఊపిరాడకనేనా?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "అదే అర్థం కాలేదు. ఆక్సిజన్ నిలకడగానే ఉంది ముగ్గురికీ. గుండె లయ తప్పి ఆగిపోయింది, మొదటి డోసు పడిన రోజే. మందు వల్లనేమోనని భయపడి, ఎవరికేది పడిందో దాచిపెట్టే కమిటీ వాళ్ళ చేత ఆ ముగ్గురి కోడ్ విప్పించాను. ముగ్గురికీ పడింది ఉప్పునీళ్ళే. అంటే తప్పు మందుది కాదు, రోగానిది."

"తర్వాత?"

"తర్వాతేముంది. కమిటీ మిగతావాళ్ళ కోడ్లు కూడా విప్పింది. మందు పడినవాళ్ళంతా లేచి తిరుగుతున్నారు, పడని ముగ్గురూ పోయారు. మందు దగ్గర పెట్టుకుని ఎందుకివ్వరని బయట బంధువులు నా కాలరు పట్టుకుంటున్నారు. పరిశోధన ఇక్కడితో ఆపి, ముదిరిన కేసులన్నిటికీ ఇమ్మని పైనుంచి పర్మిషన్ వచ్చింది. కంపెనీ విడిగా పంపిన మందు మధ్యాహ్నం నుంచి ఇస్తున్నాం."

"మందు పడి లేచి తిరుగుతున్న వాళ్ళలో ముదిరిన కేసులు ఎన్ని?"

ఆయన ఆలోచించాడు. "లేవు. తేలికపాటి కేసులే. ముదిరిన వాళ్ళు పరిశోధనలోకి ఆ ముగ్గురే వచ్చారు ఇంతవరకూ. నిన్న ఇంకొకావిడ."

ఈలోగా ఫార్మసిస్టు ట్రాలీ బయటికి తోసింది. చక్రాలు గడప ఎక్కి దిగేసరికి సీసాలన్నీ గలగలమని ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నా కళ్ళు ఊరికే అటు వెళ్ళాయి. ఆ తర్వాత అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఆగండమ్మా. ఇవి మందువా, ఉప్పునీళ్ళవా?"

"రెండూ కలిసే ఉన్నాయండీ. ఏది ఏదో నాకూ తెలీదు."

"నాకు తెలిసింది," అన్నాను.

ట్రాలీ మీద సగం సీసాల్లో పైన తెల్లగా నురగ కట్టింది, గ్లాసు మార్చి పోసిన కాఫీ మీద కట్టినట్టు. మిగతా సగం తేటగా ఉన్నాయి. వేలితో చూపించాను. ఫార్మసిస్టు వంగి చూసింది. ప్రొఫెసరు చూడటానికి వంగలేదు, గోడ పట్టుకున్నాడు.

"కుదపకూడదని డబ్బా మీద రాసే ఉంటుంది," అన్నాడు. "కుదిపితే అసలు మందు నురగొస్తుంది. కానీ ఎవరు కుదుపుతారు?"

"మీ పిల్లలకి మందు సీసా మొదటిసారి చేతికిచ్చినప్పుడు ఏం చెయ్యమని నేర్పుతారు సార్?"

"కుదిపి, వెలుతురుకి ఎత్తి చూసి, ఆ తర్వాతే సూదిలోకి లాగమని."

నర్సు కుదపదు, ఆమె డబ్బా మీద రాసినది చదువుతుంది. కంపెనీవాళ్ళు కుదపరు, వాళ్ళే రాశారు కాబట్టి. మొదటి ఏడాది నేర్పిన పాఠం చేతివేళ్ళకి ఎక్కిపోయిన విద్యార్థి మాత్రం చూసుకోకుండా కుదిపేస్తాడు. ఇంకెవరూ చెయ్యని తప్పు అది. ప్రొఫెసరు తన పరిశోధన మొత్తం బూడిదైపోయిందని గొణుక్కుంటూ ఫోన్ తీసి కమిటీవాళ్ళ నంబరు వెతకడం మొదలుపెట్టాడు. ఆయన బాధ ఆయనది. నాకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది.

"కెమెరా చూడమని మీకెవరు చెప్పారు?" అన్నాను ఫార్మసిస్టుతో.

"వాడితో కలిసి డ్యూటీ చేసే అమ్మాయే. నిన్న ఏడుస్తూ వచ్చి చెప్పింది."

*

ఆ అమ్మాయి మూసేసిన లెక్చర్ హాల్లో చిట్టచివరి బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. రోజంతా రక్షణ సూటు టోపీలో జుట్టు ఇమడటం లేదని తనే కత్తెరతో కత్తిరించుకుందట, ఎలకలు కొరికినట్టుంది. ముక్కు మీద మాస్కు ఒరుసుకుపోయిన మచ్చ.

"తాతని పట్టించింది నువ్వేనా?"

"అవునాంటీ."

ఆంటీ అన్న పిలుపు నాకు గిట్టదు. కానీ ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను.

"ఎందుకు?"

"సీసాలు తీస్తుంటే చూశాను కాబట్టి."

"ఇంతకుముందు ఇద్దరూ కలిసి తీసినప్పుడు చెప్పలేదేం?"

అది నేను చీకట్లో వేసిన బాణం. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది, తర్వాత తలుపు వైపు చూసింది. పారిపోదామని కాదు, ఎవరైనా వింటున్నారేమోనని.

"నురగ సంగతి ముందు కనిపెట్టింది ఎవరమ్మా?"

"నేనే." సీసా కుదిపినట్టు వేళ్ళు ఆడించింది. "అలవాటుగా కుదిపాను. ఒకదాంట్లో నురగ నిలబడింది, ఇంకోదాంట్లో వెంటనే పోయింది. తాతకి చూపించాను. చూడనట్టే ఉండమన్నాడు. చాలా రోజులు చూడనట్టే ఉన్నాం ఆంటీ, ఒట్టు."

"తర్వాత?"

"ముగ్గురొచ్చారు. ఒకాయన బస్సు డ్రైవరు, మగతలో కూడా గేరు మారుస్తున్నట్టు చెయ్యి కదిపేవాడు. ఒకాయన లెక్కల మాస్టారు, మేం ఆక్సిజన్ అంకె చెప్తే ఇందాకటి కంటే ఎంత తగ్గిందో లెక్కగట్టేవాడు. ఒకావిడకి ఇంట్లో పాలుతాగే బిడ్డ. ముగ్గురి డబ్బాలూ కుదిపి చూశాం. ముగ్గురి వంతుకీ ఉప్పునీళ్ళే వచ్చాయి. అదే రోజు చేరి, కాలు మీద కాలేసుకుని ఫోన్లో సినిమాలు చూసుకుంటున్న వాళ్ళ వంతుకేమో మందు వచ్చింది. ఎలా ఊరుకోమంటారు? తెలిసి తెలిసి ఉప్పునీళ్ళు మోసుకెళ్ళి, పక్కన కూర్చుని, నీకేం భయం లేదని చెయ్యి పట్టుకోవాలా?"

ఆ వయసులో, ఆ గదిలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

"సీసాలు మార్చేశారు. వాళ్ళవి వీళ్ళకి, వీళ్ళవి వాళ్ళకి."

తలూపింది.

"మీరు మందు ఇప్పించిన ఆ ముగ్గురూ..."

"పోయారు. డ్రైవరు, ఆవిడ, ఆఖర్న మాస్టారు. బాగా ముదిరిపోయారు కదా, మందు ఆలస్యంగా అందిందనుకున్నాం. ఇంకా ముందే అందాల్సిందని నేను చాలా ఏడ్చాను."

"ఎవరి దగ్గర తీసుకున్నారో, వాళ్ళు?"

"వాళ్ళా? వాళ్ళు ఇంటికెళ్ళిపోయారు," అంది తేలిగ్గా.

అని, ఆగిపోయింది. లెక్క ఆ పిల్లకి దానంతటదే తేలడం చూస్తూ కూర్చున్నాను. అంతకంటే పాపిష్టి పని ఈ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యలేదు.

"ఆంటీ, మేం ఎవరికైతే మందు ఇచ్చామో..."

"నిన్న తాత ఏం చేస్తుండగా చూశావు?"

"నాలుగో ఆవిడ నిన్న పొద్దున వచ్చింది. పెద్దావిడ, ఆమెదీ ముదిరిన కేసే. డబ్బాలో ఉప్పునీళ్ళే ఉన్నాయి. సూది వెయ్యకముందే మార్చేశాం. తర్వాత వార్డులోంచి తాత పరిగెత్తుకుంటూ వచ్చాడు, మాస్టారు పోయారని. నేను ఏడుస్తున్నాను, వాడు ఏడవలేదు, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి స్టోర్లోకెళ్ళి పెద్దావిడ డబ్బాలో సీసాలు తీసి జేబులో వేసుకుంటున్నాడు. ఎందుకురా అంటే, ఆవిడకి ఆ మందు వద్దు అన్నాడు, అంతే. ఇన్నాళ్ళూ అందరికీ ఇప్పించి ఇప్పుడు ఈవిడకెందుకు వద్దు? అమ్ముకోవడానికి తీస్తున్నాడని నాకు అనుమానమొచ్చింది. అడిగాను కూడా, ఎంతకి బేరమాడుకున్నావని. ఒక్క మాట అనలేదు ఆంటీ. ఆ మాట నేనన్నా కూడా ఏం అనలేదు."

"పెద్దావిడ ఎలా ఉంది?"

"పొద్దున లేచి కూర్చుంది. నన్ను మనవరాలా అని పిలిచి మంచినీళ్ళడిగింది."

ఇంకేం కావాలి? మాస్టారు కూడా పోగానే తాతకి లెక్క తేలింది. ఆ మందు ముదిరినవాళ్ళ గుండెని ఆపేస్తోంది. వాడు పరుగున పోయి మిగిలిన ఒక్కరిదీ వెనక్కి మార్చాడు. పోలీసులు పట్టుకున్నాక నోరు విప్పలేదెందుకంటే, విప్పితే ఈ అమ్మాయికి కూడా తెలిసిపోతుంది, ముగ్గుర్ని ఎవరి చేతులు చంపాయో. కాస్త ఊపిరి పీల్చుకుని, ప్రొఫెసరు ఒక్కడికే చెబుదామనుకున్నాడేమో. ఆ ఊపిరే లేకుండా పోయింది.

అసలు ఘోరం ఇంకొకటుంది. కోడ్ ప్రకారం ఆ ముగ్గురూ ఉప్పునీళ్ళ వాళ్ళు. కమిటీ చూసింది కోడ్ మాత్రమే. పిల్లల జాలి వల్ల లెక్క తలకిందులై, చంపే మందు బతికించే మందుగా తేలింది. ముదిరినవాళ్ళందరికీ ఇమ్మని పర్మిషన్ వచ్చింది.

"మధ్యాహ్నం నుంచి అందరికీ ఇస్తున్నారు," అన్నాను, నాలో నేను అనుకుంటున్నట్టు.

ఆ పిల్ల లేచి నిలబడింది. "తాతకి ఆక్సిజన్ ఎంతుంది ఆంటీ?"

నాకు వాళ్ళమ్మ జోడించిన చేతులు కళ్ళముందు కదిలాయి. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టనన్నాడు. ఆయన మొండితనాన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఆ మనిషి ఒకసారి కాదంటే కాదంతే, నాకు అనుభవమే. మెట్లు దిగుతూనే ప్రొఫెసరుకి ఫోన్ కలిపాను. కమిటీవాళ్ళతో మాట్లాడుతున్నట్టున్నాడు, లైను దొరకలేదు. ఇన్‌స్పెక్టరు ఎత్తలేదు.

*

ఇన్‌స్పెక్టరు అద్దం ముందే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొదటిసారి పంటి కింద రాయి లేనట్టు మొహం పెట్టాడు.

"రండి మేడమ్. మీరన్నదాంట్లో న్యాయముంది," అన్నాడు. "నాకూ ఒక కొడుకున్నాడు. హాస్టల్లో చిక్కుకుపోయాడు, మూడు నెలలైంది చూసి. మీరు వెళ్ళాక ఈ తల్లి మొహం చూడలేకపోయాను. సంతకం పెట్టేశాను. ఇప్పుడే ఇచ్చారు డోసు."

నా చూపు మానిటరు మీదికి పోయింది. "ఎంతసేపైంది?"

"మీరు రావడానికి కాస్త ముందు. పూర్తిగా వెళ్ళిపోయింది, ఒక్క చుక్క మిగల్లేదు. ఏం, అలా అయిపోయారేం?"

చెప్పాను. రెండు మూడు మాటల్లోనే చెప్పాను. ఆయన వింటూ రెండు మాస్కులూ గడ్డం కిందికి లాగేశాడు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ మనిషి మొహం పూర్తిగా చూసింది అప్పుడే అనిపించింది.

"మీరే కదా మేడమ్ ఇమ్మన్నది," అన్నాడు. తప్పు నా మీద తొయ్యడానికి అనలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"నేనే," అన్నాను.

ప్రొఫెసరు రొప్పుతూ వచ్చాడు. నా వెనకాలే వచ్చిన అమ్మాయి ఆయనకి చెప్పింది, ఏడవకుండా, రోగి వివరాలు అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని నర్సుని పిలిచి అన్ని వార్డుల్లోనూ ఆపెయ్యమన్నాడు. ఇప్పటికి ఎంతమందికి పడిందని అడిగితే ఆమె ముప్ఫై దాటిందంది.

"దీనికి విరుగుడు?" అన్నాను.

"లేదు." ఆయన అద్దంలోంచి మానిటరు కేసి చూశాడు. "ఒకసారి లోపలికెళ్ళాక బయటికి తీసే దారి లేదు. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే మిషను పక్కన పెట్టించి, చూస్తూ ఉండాలి. ఆ ముగ్గురికీ అన్నీ పక్కనే ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు తాళంచెవి తీసి లోపలికి వెళ్ళబోయాడు. నర్సు ఆపింది, సూటు లేకుండా వెళ్ళకూడదని. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "బేడీ తీసెయ్యమ్మా, రెండూ తీసెయ్యి," అన్నాడు.

"రెండా?" అన్నాను.

జవాబు బెంచీ మీంచి వాళ్ళమ్మ చెప్పింది. నర్సులు ఆమెకి కూడా ఒక సూటు తొడిగి లోపలికి పంపారట, పిల్లాడు కుదురుగా ఉంటాడని. సూటు ఇంకా విప్పలేదు. నెత్తి మీద టోపీ మాత్రం ఇప్పుడే వెనక్కి తోసేసుకుంది. నేను చెప్పిందీ అమ్మాయి చెప్పిందీ ఇంతసేపూ ఆ టోపీ కింద ఆమెకి వినపడలేదు. వినపడినా అందులో ఎంత అర్థమయ్యేదో.

"జ్వరం మత్తులో వద్దు వద్దని ఒకటే తల తిప్పడమమ్మా," అంది. "సీసా చూడగానే మొదలుపెట్టాడు. చెయ్యి లాగేసుకుంటున్నాడు, సూది పడనివ్వడే. పాపం ఆ సారు రెండో చేతికి కూడా బేడీ వేయించారు. అయినా ఆగలేదు. చివరికి నేనే గట్టిగా పట్టుకున్నాను. అమ్మని చెప్తున్నాను కదరా, కాస్త ఓర్చుకో అంటే, అప్పుడు నా మొహం చూసి, కదలకుండా ఉండిపోయాడు."

అద్దం అవతల నర్సు వంగి బేడీలు విప్పుతోంది. తాత కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూస్తున్నాడు. నన్ను కాదు, నా వెనక ఉన్న ఆ అమ్మాయిని. ఏడవొద్దన్నట్టు విడిపించిన చెయ్యి కొంచెం లేపి, మళ్ళీ పడేశాడు. ఆ పిల్ల అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. ప్రొఫెసరు సూటు తొడుక్కోవడానికి పరిగెత్తాడు. మానిటరు మీద గీత ఇంకా సవ్యంగానే నడుస్తోంది.

నేను వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు.

"మీరు గట్టిగా అడగబట్టే ఇచ్చారమ్మా. మీ మేలు మర్చిపోను," అంది. "ఇంక భయం లేదు కదా?"

ఇన్‌స్పెక్టరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె పొద్దున నన్ను అడిగింది ఒకే ఒక్కటి, ఇప్పుడు అడుగుతున్నది ఇంకొకటి.

"మీ వాడు దొంగ కాదమ్మా," అన్నాను. "తేల్చేశాను."